1884 ట్రాప్‌డోర్‌కి .45-70 రీలోడింగ్: 70 గ్రెయిన్ల మందు కేస్‌లో పట్టడం లేదు, తగ్గించి ఖాళీ వదిలేయొచ్చా?

కొత్తచేయి:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నెల క్రితం స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ (వెనక మూత పైకి తెరిచి ఒక్కో తూటా పెట్టే పాత అమెరికా సైన్యం రైఫిల్) ఒకటి కొన్నాను, 1884 మోడల్, బఫింగ్టన్ సైట్ (గురి చూసే పరికరం) ఉన్నది. లైసెన్సు, రీలోడింగ్‌కి కావలసిన అనుమతులు అన్నీ ఉన్నాయి. మామూలు రైఫిల్ కార్ట్రిడ్జ్‌లు స్మోక్‌లెస్‌తో (పొగ తక్కువ వచ్చే ఇప్పటి మందు) ఆరేళ్లుగా ఇంట్లోనే లోడ్ చేసుకుంటున్నాను కానీ బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల మందు) ఇంతవరకు ముట్టుకోలేదు.

నా సమస్య ఇది. అప్పట్లో సైన్యం 405 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే మందు, బుల్లెట్లు తూచే చిన్న బరువు కొలత) బుల్లెట్ కింద 70 గ్రెయిన్ల మందు వేసేదని అన్నిచోట్లా ఉంది, .45-70 అనే పేరే అందుకు వచ్చింది. నేను కొత్త ఇత్తడి కేస్ తీసుకుని గరాటుతో 70 గ్రెయిన్లు పోస్తే మందు దాదాపు మూతి దాకా వచ్చేసింది, ఇక బుల్లెట్ ఎక్కడ కూర్చోవాలి? సరే 50కి తగ్గిద్దాం అనుకుంటే బుల్లెట్ కింద కొంత ఖాళీ మిగిలేలా ఉంది. స్మోక్‌లెస్‌లో సగం కేస్ ఖాళీగా ఉన్నా పట్టించుకోం కదా, ఇక్కడ కూడా అంతేనా?

ఇంకో రెండు అనుమానాలు. బ్లాక్ పౌడర్ ఎంత పోసినా ఒత్తిడి 25,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటదని, అందుకే దానితో భయం లేదని ఒకాయన చెప్పాడు. నిజమేనా? అలాగే రైఫిల్ అమ్మినతను షాపులో దొరికే ఏ .45-70 అయినా ఇందులో పనిచేస్తుందని భరోసా ఇచ్చాడు. చాంబర్‌లోకి వెళ్లడం అయితే చక్కగా వెళ్తోంది. కానీ నా రీలోడింగ్ మాన్యువల్‌లో .45-70కి ఒకటి కాదు, మూడు వేర్వేరు పట్టికలు ఉన్నాయి, అవి చూశాక టెన్షన్ మొదలైంది. ఇంకా ఒక్క గుండు కూడా పేల్చలేదు.

సీసంపోత:

పేల్చకుండా ఆగి అడిగారు, చాలా మంచి పని చేశారు. మొదటి ప్రశ్నకి నేను చెప్తాను. ఖాళీ మాత్రం వదలొద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ.

స్మోక్‌లెస్ అలవాటుతో వచ్చేవాళ్లందరికీ ఇదే అనుమానం వస్తుంది. బ్లాక్ పౌడర్‌లో ప్రైమర్ (కేస్ అడుగున మందుని అంటించే భాగం) దగ్గర నుంచి బుల్లెట్ అడుగు దాకా మందు సందు లేకుండా కూర్చోవాలి. మధ్యలో గాలి ఉంటే అంటుకున్న మందు, మంట కలిసి ముందుకు దూసుకెళ్లి, ఇంకా కదలని బుల్లెట్ అడుగుకి కొట్టుకుంటాయి. ఆ ఒక్క చోట ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది, అక్కడ గొట్టం చుట్టూ ఉంగరంలా ఉబ్బుతుంది. ప్రతిసారీ జరగదు. పదిసార్లు ఏమీ కాదు, ఇరవైసార్లు ఏమీ కాదు, దాంతో మనిషికి ధైర్యం వచ్చేస్తుంది, తర్వాత ఒక రోజు అయిపోతుంది.

నేను ఒకసారి కొనడానికని పాత రోలింగ్ బ్లాక్ రైఫిల్ ఒకటి చూడ్డానికి వెళ్లాను. బయటికి అద్దంలా ఉంది. రాడ్‌కి తడి గుడ్డ చుట్టి నెమ్మదిగా తోస్తుంటే ఒకే బిగువుతో వెళ్తోంది, చాంబర్ దాటిన కొంచెం దూరంలో అర అంగుళం మేర చెయ్యి చటుక్కున వదులైంది, మళ్లీ బిగిసింది. వెనక్కి లాగి మళ్లీ తోశాను, అదే చోట మళ్లీ వదులు. అప్పుడు గొట్టాన్ని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూస్తే, పైన సాగిపోయే మెరుపు గీత సరిగ్గా అక్కడ సన్నగా వంగింది. అంతే, ఇంకేమీ కనబడదు. పాత రైఫిల్ ఏది కొన్నా ఈ తడి గుడ్డ పరీక్ష చేయండి, మీది కూడా ఈ రోజే చేయండి.

50 గ్రెయిన్ల సంగతి. అశ్విక దళం కార్బైన్‌కి సైన్యమే 55 గ్రెయిన్ల తూటా ఇచ్చేది, తేలిక తుపాకీలో 70 గ్రెయిన్ల దెబ్బ భుజానికి ఎక్కువవుతుందని. కానీ వాళ్లు కూడా మిగిలిన చోటు అలా వదిలేయలేదు, అట్ట బిళ్లలు పెట్టి నింపేవాళ్లు.

ఇక 70 ఎందుకు పట్టడం లేదంటే, మీ కేస్ వేరు, వాళ్ల కేస్ వేరు. అప్పటి రాగి కేసుల అడుగు పలచటి రేకు మడిచినట్టు ఉండేది, లోపల చోటు ఎక్కువ. ఇప్పటి ఇత్తడి కేస్ అడుగు దిట్టంగా ఉంటుంది, ఆ మందం అంతా లోపలి చోటునే తినేస్తుంది. అది మన మంచికే, కాబట్టి 70 అనే అంకె మీద పట్టుదల వద్దు. రెండు అడుగులు, రెండున్నర అడుగుల ఇత్తడి డ్రాప్ ట్యూబ్ తీసుకుని మందుని సన్నటి ధారగా పోయండి. గరాటుతో గుమ్మరించినదానికీ, ఇలా పోసినదానికీ మట్టంలో తేడా మీకే కనబడుతుంది, రవ్వలు ఒకదాని సందులో ఒకటి సర్దుకుంటాయి. దాని మీద ఒక అట్ట బిళ్ల పెట్టి కంప్రెషన్ డైతో (మందుని నొక్కే పరికరం) బుల్లెట్ కూర్చునే లోతు దాకా నొక్కండి. బుల్లెట్‌తోనే నొక్కేద్దాం అనుకోవద్దు, మెత్తటి సీసం కదా, అడుగు చితికి లావెక్కుతుంది, తర్వాత చాంబర్‌లో ఇరుక్కుంటుంది. ఇలా చేస్తే నా కేసుల్లో 2ఎఫ్ రవ్వ సైజు గోయెక్స్ కంపెనీ మందు 63, 64 గ్రెయిన్ల దగ్గర ఆగుతుంది, మీ కేసుల్లో ఎంత దగ్గర ఆగుతుందో మీరే చూసుకోవాలి. స్విస్ పౌడర్ అయితే అంత నొక్కనక్కర్లేదు, బిళ్ల తాకి కొద్దిగా దిగితే చాలు. ఇంకా సన్నటి 3ఎఫ్ జోలికి ఇప్పుడే పోకండి.

రోలింగ్‌బ్లాక్:

మిగతా రెండూ నేను అందుకుంటాను. కాస్త పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

25,000 దాటదన్న మాట తప్పు. ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అని ఇద్దరు దీని మీద సంవత్సరాల తరబడి పనిచేసి 1875లో ఫలితాలు అచ్చువేశారు. గట్టి ఉక్కు పాత్రని మందుతో నిండుగా నింపి, మూసి, అంటించి కొలిస్తే ఒత్తిడి దాదాపు 6,400 అట్మాస్ఫియర్లు వచ్చింది, అంటే 90,000 పీఎస్ఐ పైమాటే. మరి రైఫిల్‌లో ఎందుకు తక్కువ అంటే, బుల్లెట్ ముందుకు కదిలి చోటు ఇస్తోంది కాబట్టి. బుల్లెట్ కదలకుండా ఏదైనా ఆపిందనుకోండి, గొట్టంలో ఇరుక్కున్న పాత గుండో, మరిచిపోయిన గుడ్డ ముక్కో, అప్పుడు ఆ 25,000 హద్దు మిమ్మల్ని కాపాడదు.

బ్లాక్ పౌడర్ కాస్త ఓర్చుకుంటుందని పేరు రావడానికి వేరే కారణాలు ఉన్నాయి. కాలిన మందు బరువులో సగానికి పైగా, ఆ ఇద్దరి లెక్క ప్రకారం సుమారు 57 శాతం, గ్యాస్‌గా మారదు, ఘనపదార్థంగానే మిగులుతుంది. మనకి కనబడే తెల్లటి పొగ, గొట్టంలో పేరుకునే మసి అదే. రెండోది, ఒత్తిడి పెరిగినా అది మండే వేగం పెద్దగా పెరగదు, రవ్వ సైజుని బట్టి, మంటకి దొరికే ఉపరితలాన్ని బట్టే ఎక్కువగా నడుస్తుంది. అందుకే 2ఎఫ్ బదులు 3ఎఫ్ వేస్తే అదే బరువుకి ఒత్తిడి పెరుగుతుంది. స్మోక్‌లెస్ అలా కాదు. ఒత్తిడి పెరిగితే అది ఇంకా వేగంగా మండుతుంది, వేగంగా మండితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మామూలు హద్దుల్లో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, హద్దు దాటితే చెయ్యి జారిపోతుంది. కొలతలో కొంచెం తేడాకి బ్లాక్ పౌడర్ ఇచ్చే జవాబు వేరు, స్మోక్‌లెస్ ఇచ్చే జవాబు వేరు.

ఇప్పుడు మీ మాన్యువల్‌లోని మూడు పట్టికలు. మొదటిది మీ ట్రాప్‌డోర్ లాంటి వాటికి. రెండోది వించెస్టర్ 1886, ఇప్పటి మార్లిన్ 1895 లాంటి లివర్ రైఫిళ్లకి. మూడోది రూగర్ నంబర్ 1 లాంటి గట్టి రైఫిళ్లకి. కేస్ ఒకటే, బుల్లెట్ ఒకటే, అడుగున ముద్ర ఒకటే, లోపలి ఒత్తిడి మాత్రం వేరు. .45-70కి సామీ (అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ఠ హద్దు 28,000 పీఎస్ఐ, అది పాత రైఫిళ్లని దృష్టిలో పెట్టుకున్నదే. కానీ కొత్త రైఫిళ్ల కోసమే అని చెప్పి అంతకంటే చాలా ఎక్కువ ఒత్తిడితో కొన్ని కంపెనీలు అమ్ముతాయి, పాత వాటిలో వాడొద్దని పెట్టె మీద రాసే అమ్ముతాయి. పెట్టె పారేశాక ఆ తూటాలు చేతిలో విడిగా మిగిలితే గుర్తుపట్టడం ఎలా? మీకు అమ్మినతను చెప్పిన సలహా అందుకే చాలా ప్రమాదకరం. ఇది కొత్త సమస్య కూడా కాదు. .44-40 అనే ఇంకో కార్ట్రిడ్జ్‌లో ఒకప్పుడు 1892 మోడల్ కోసం వేగం పెంచిన తూటాలు వచ్చాయి, అవి 1873 వించెస్టర్‌లోకి కూడా చక్కగా వెళ్లేవి, దాని టాగిల్ లింక్ యాక్షన్ (బ్రీచ్‌ని మూసే కీళ్ల అమరిక) మాత్రం వాటికి పనికిరాదు. చాంబర్‌లోకి వెళ్లిందంటే కొలత సరిపోయిందని అర్థం, అంతవరకే.

ప్రైమర్ చూసి ఒత్తిడి కనిపెట్టే అలవాటు మీకు ఉండే ఉంటుంది, ఆరేళ్లు చేశారు కదా. అది ఇక్కడ మర్చిపోండి. ప్రైమర్ చదునవ్వడం, కేస్ అడుగున మెరుపు మచ్చ పడడం ఇవన్నీ 50,000, 60,000 దగ్గర కనబడే గుర్తులు. ట్రాప్‌డోర్ అంతదాకా ఆగదు. ఇత్తడి మీకు ఏదైనా చెప్పేలోపే బ్రీచ్ బ్లాక్ (వెనక మూత), దాని హింజ్ దెబ్బతింటాయి.

ఇంకో చిక్కు, పాత పట్టికల్లో సీయూపీ అని ఉంటుంది, కొత్త వాటిలో పీఎస్ఐ. మొదటిది రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కట్టిన అంకె, రెండోది సెన్సర్‌తో కొలిచింది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే నమ్మకమైన లెక్క లేదు, కాబట్టి ఒక పుస్తకంలోది తీసి ఇంకో పుస్తకంలోదానితో పోల్చి మధ్యలో ఏదో ఒకటి ఎంచుకోవడం చేయొద్దు.

కొత్తచేయి:

ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి తడి గుడ్డ పరీక్ష చేశాను, ఎక్కడా వదులు తగల్లేదు, ప్రాణం కుదుటపడింది. షాపులో కొన్న తూటాల పెట్టె తీసి చూస్తే నిజంగానే పక్కన చిన్న అక్షరాల్లో కొత్త రైఫిళ్లకి మాత్రమే అని ఉంది. కొన్నప్పుడు చూడనే లేదు. వెనక్కి ఇచ్చేస్తున్నాను.

ఒక్క అనుమానం మిగిలింది. మొదటి పట్టికలోని స్మోక్‌లెస్ లోడ్ వేసి, మిగిలిన చోటు దూది లాంటి పీచుతో నింపితే? శుభ్రం చేసే పని తగ్గుతుందని అడుగుతున్నాను.

మార్టిని577:

ఈ పీచు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే .577/450 (మార్టిని-హెన్రీ రైఫిల్ కార్ట్రిడ్జ్) వాళ్లం అందరం ఒకప్పుడు ఆ దారిలో నడిచినవాళ్లమే. 1871 నాటి మార్టిని-హెన్రీ కేస్ చాలా పెద్దది, 480 గ్రెయిన్ల బుల్లెట్ కింద 85 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ కోసం చేసింది. అందులో స్మోక్‌లెస్ వేస్తే అడుగున ఎక్కడో ఉంటుంది. డేక్రాన్ (పాలిస్టర్) పీచు పెట్టి మందుని ప్రైమర్ దగ్గర నిలబెట్టడం చాలామంది చేస్తారు, ఏళ్ల తరబడి ఏమీ కానివాళ్లూ ఉన్నారు. చాంబర్‌లో ఉంగరం పడినవాళ్లూ ఉన్నారు, అందులో నా మార్టిని ఒకటి. ఆ రోజు పేలిన శబ్దంలో తేడా లేదు, భుజానికి తగిలిన దెబ్బలో తేడా లేదు. కేస్ బయటికి రాలేదు, అంతే. రాడ్‌తో తట్టి తీస్తే కేస్ మీద చుట్టూ ఒక గీత ఉబ్బి ఉంది, చాంబర్ గోడ కూడా అలాగే ఉబ్బింది. 140 ఏళ్లు నిలబడిన రైఫిల్ అది.

మొక్కజొన్న రవ్వ లాంటివి బ్లాక్ పౌడర్ మీద వేసి చోటు నింపడం వేరే సంగతి, తిన్నటి కేస్‌లో అది నడుస్తుంది. .577/450 లాగా మెడ సన్నబడే కేస్‌లో వద్దు, రవ్వ ఆ భుజాల దగ్గర గట్టిపడి బిరడాలా తయారవుతుంది.

స్మోక్‌లెస్‌లో నన్ను ఇంకా భయపెట్టేది డబుల్ చార్జ్. ఇంత పెద్ద కేస్‌లో చిన్న చార్జ్ రెండుసార్లు పడినా పొంగదు, పైనుంచి చూసినా వెంటనే తెలియదు. బ్లాక్ పౌడర్‌లో రెండోసారి పోయాలంటే నేల మీద పోయాల్సిందే. శుభ్రం చేసే పని తగ్గుతుందన్నారు, ఆ పని నిజానికి పావుగంట: వేడి నీళ్లు, కొంచెం సబ్బు, ఆరబెట్టి నూనె. నా సలహా, ఈ రైఫిల్‌కి ఏ మందు కోసం గొట్టం చేశారో ఆ మందే పెట్టండి.

సీసంపోత:

మార్టిని గారు చెప్పినదాంట్లో ఒక్కచోట నాది వేరే మాట. మాన్యువల్‌లో ట్రాప్‌డోర్ అని స్పష్టంగా రాసి ఉన్న స్మోక్‌లెస్ లోడ్, పీచు లేకుండా, ఉన్నది ఉన్నట్టు చేస్తే పరీక్షించిన లోడే, దాన్ని తప్పుపట్టలేం. కొత్తవాళ్లకి మాత్రం నేనూ బ్లాక్ పౌడరే చెప్తాను.

బుల్లెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పోత పోసేముందు గొట్టం కొలవండి. మెత్తటి సీసం ముక్క నూనె రాసి గొట్టం గుండా నెమ్మదిగా తోసి, బయటికి వచ్చాక మైక్రోమీటర్‌తో చూడండి. కొత్త రైఫిళ్లు .458 అంగుళాలు అయితే ట్రాప్‌డోర్ గాడులు .460 పైన ఉండడం మామూలు. 20 పాళ్లు సీసానికి 1 పాలు తగరం కలిపితే బ్లాక్ పౌడర్ దెబ్బకి బుల్లెట్ అడుగు కాస్త ఉబ్బి గాడులు నిండుతాయి, గట్టి మిశ్రమం అయితే ఆ మేలు ఉండదు. లూబ్ తేనెమైనం, జంతు కొవ్వు కలిపింది వాడండి. పెట్రోలియం నూనెలు కలిసినవి ఈ మసితో చేరి తారులా గట్టిపడతాయి.

రోలింగ్‌బ్లాక్:

బల్ల దగ్గర జాగ్రత్తలు కూడా ఒకసారి అనుకుందాం. స్మోక్‌లెస్ బయట పోసి అంటిస్తే మెల్లగా మండుతుంది, బ్లాక్ పౌడర్ అలా కాదు, చిన్న నిప్పురవ్వ చాలు, డబ్బా మొత్తం ఒకేసారి పోతుంది. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి, అదీ అసలు లేబుల్‌తో, మూత పెట్టి. స్మోక్‌లెస్ కోసం చేసిన ప్లాస్టిక్ తొట్టి మెజర్లు, కరెంటు డిస్పెన్సర్లు దీనికి వాడొద్దు. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు తీసుకుంటే అవి బ్లాక్ పౌడర్ కంటే తేలిక, కొలపాత్రతో పరిమాణం చూసి పోయాలి, బరువుకి బరువు వేయకూడదు.

లేబుల్ లేని మందు ఎవరిచ్చినా వద్దు. ఒక పెద్దాయన పోయాక ఆయన సామాను నాకు ఇచ్చారు, అందులో గాజు సీసాలో నల్లటి మందు ఉంది, అందరూ బ్లాక్ పౌడర్ అనే అనుకున్నారు. లెన్స్ పెట్టి చూస్తే రవ్వలన్నీ ఒకే కొలతకి కోసిన చిన్న కడ్డీల్లా ఉన్నాయి. స్మోక్‌లెస్. దాంతో ఎవరైనా .45-70 కేస్ నిండుగా నింపి నొక్కి ఉంటే రైఫిల్, మనిషి ఇద్దరూ మిగిలేవాళ్లు కాదు. చాలా స్మోక్‌లెస్ మందుల మీద కూడా గ్రాఫైట్ పూత ఉంటుంది, రంగు చూసి ఏదీ చెప్పలేం. ఆ మందు వాడకుండా అగ్నిమాపక వాళ్లకి అప్పగించాను.

పేలకపోతే గొట్టం లక్ష్యం వైపే పెట్టి ఒక నిమిషం ఆగండి, తర్వాతే బ్రీచ్ తెరవండి.

కొత్తచేయి:

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. గన్‌స్మిత్ చేత హింజ్, బ్రీచ్ లాచ్, ఫైరింగ్ పిన్, హెడ్‌స్పేస్ (మూసిన బ్రీచ్‌కి, తూటాకి మధ్య సందు) అన్నీ చూపించాను, బాగుందన్నాడు. సీసం ముక్క తోసి కొలిస్తే .4605 వచ్చింది. .460 అచ్చు కొని, 20:1 సీసంతో పోసి, మొదట 20 తూటాలే చేశాను.

డ్రాప్ ట్యూబ్‌తో పోశాక కేసులన్నీ బ్లాక్‌లో నిలబెట్టి దీపం కింద ఒక్కొక్కటి చూశాను, మట్టం అన్నిట్లో ఒకేలా ఉంది, ఒక్కదాంట్లో మాత్రం వెంట్రుకవాసి తక్కువ అనిపిస్తే వెనక్కి పోసి మళ్లీ తూచాను. అట్ట బిళ్ల మీద డై దిగేటప్పుడు చేతికి సన్నగా కరకరమన్నట్టు తెలుస్తుంది, ఆ తర్వాత ఆగుతుంది. 2ఎఫ్, నా కేసుల్లో 62 గ్రెయిన్ల దగ్గర ఆగింది.

మొదటి గుండుకి దెబ్బ కంటే పొగ ఆశ్చర్యపరిచింది, లక్ష్యం కనబడడానికి కాసేపు పట్టింది. దెబ్బ కూడా గుద్దినట్టు కాదు, బలంగా నెట్టినట్టు ఉంది. ఆరో గుండు దగ్గర నుంచి చాంబర్‌లోకి తూటా బిగువుగా వెళ్తుంటే ఆపి, తూటా తీసి, బ్రీచ్ వైపు నుంచి బ్లో ట్యూబ్‌తో నాలుగుసార్లు గాలి ఊదాను, మసి మెత్తబడింది, మళ్లీ మామూలుగా వెళ్లింది. 50 గజాల దగ్గర చివరి ఐదు అరచేయంత చోటులో పడ్డాయి. కేసులు అక్కడికక్కడే సబ్బునీళ్ల సీసాలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

ఒక్కటి అడగాలి. మూడు కేసుల మీద బయటివైపు మూతి నుంచి సగం దాకా నల్లటి మసి చార ఉంది, మిగతావి శుభ్రంగా ఉన్నాయి. ఒత్తిడి ఎక్కువైందా?

సీసంపోత:

ఎక్కువ కాదు, అది తక్కువకి గుర్తు. కేస్ గోడ త్వరగా ఉబ్బి చాంబర్‌కి అతుక్కోకపోతే గ్యాస్ వెనక్కి పాకుతుంది. ఆ మూడు కేసులు మిగతావాటికంటే ఎక్కువసార్లు వాడినవా, మూతి దగ్గర ఇత్తడి గట్టిపడిందా చూడండి, అలా అయితే అనీల్ (వేడిచేసి మెత్తబరచడం) చేయాలి. లేదంటే బుల్లెట్ పట్టు వదులుగా ఉందేమో చూడండి. మందు మాత్రం పెంచొద్దు, 62 దగ్గరే ఉంచి ఇంకో 20 పేల్చి ఏమైందో ఇక్కడ రాయండి.